జమున గారి సత్యభామను స్టేజీ మీద ఎంతవరకు అనుసరించవచ్చు?

రాజాం టీచర్:
మా చెల్లి ఈసారి పద్యనాటకంలో సత్యభామ వేస్తోంది. శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లో ప్రదర్శన. ఇంతవరకు సాంఘిక నాటకాలే చేసింది, పౌరాణికం ఇదే మొదలు. డైరెక్టర్ గారు "1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారం సినిమా చూసి, జమున గారు చేసినట్టే దించెయ్" అన్నారట. రోజూ ఫోన్‌లో పెట్టుకుని అద్దం ముందు చేస్తోంది. మెడ తిప్పడం, జడ ముందుకు వేసుకోవడం బాగానే పట్టుకుంది. "మీరజాలగలడా" పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం సగంలోనే ఆయాసం వస్తోంది, శ్రుతి జారిపోతోంది. పిల్లకి టెన్షన్ పట్టుకుంది, అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. జమున గారు కూడా నాటకాల నుంచే వచ్చారని విన్నాను. ఆ సత్యభామలో స్టేజీ ఎంత, సినిమా ఎంత? తెలిసినవాళ్లు చెప్పండి.

హార్మోనీ మాస్టారు, శ్రీకాకుళం:
అమ్మా, ముందు పాట సంగతి చెప్తాను, ఇబ్బంది అక్కడే ఉంది. ఆ పాటలో మనం చూసే సత్యభామ ఒక్క మనిషి కాదు, ఇద్దరు. ముఖం, నడక, చూపు జమున గారివి. గొంతు పి.సుశీల గారిది, మన విజయనగరం ఆడపడుచు. పాట ముందే రికార్డయి ఉంటుంది కాబట్టి జమున గారికి సెట్లో ఊపిరి గురించి బెంగ లేదు, పెదవులు కలుపుతూ ఒళ్లంతా అభినయానికే ఇవ్వగలిగారు. ఇద్దరి పని మీ చెల్లి ఒక్కతీ చేయబోతే ఆయాసం రాక ఏం చేస్తుంది? పిల్లలో లోపమేమీ లేదు.

ఆ పాట అసలు స్టేజీదే. నాటకం ముత్తరాజు సుబ్బారావు గారిది. సత్యభామ వేషానికి పేరుపడ్డ స్థానం నరసింహారావు గారు తన పాత్ర కోసం తానే రాసుకుని చేర్చుకున్నారు ఈ పాటని. మగవాడై ఉండి సత్యభామగా జనాన్ని కట్టిపడేశారు, అదీ తానే పాడుకుంటూ. ఆయన దారే మీ చెల్లికి పనికొచ్చే దారి. పల్లవి ఎత్తుకునేటప్పుడు ఒకచోట నిలబడాలి, చూపుతోనూ చేతితోనూ మాత్రమే అభినయించాలి. నడక, జడ విసురు, వెనక్కి తిరిగి చూడటం, ఇవన్నీ హార్మోనీ మీద బిట్ వాయించేటప్పుడు. నేను పక్కన కూర్చున్న ఆటల్లో నెగ్గుకొచ్చిన సత్యభామలందరూ అలా చేసినవాళ్లే. ఇంకో మాట, సుశీల గారి శ్రుతికి పాడించకండి. పిల్ల గొంతుకి ఏది హాయో ఆ శ్రుతి పెట్టమని మీ హార్మోనిస్టుని అడగండి.

కోట జంక్షన్, విజయనగరం:
మాస్టారు పాట గురించి చెప్పారు కాబట్టి జమున గారి నాటకాల సంగతి నేను రాస్తాను. 1936లో హంపీలో పుట్టారు, పెరిగింది గుంటూరు జిల్లా దుగ్గిరాలలో. చిన్నప్పుడే నాటకాలు వేశారు. "మా భూమి" నాటకంలో ఆవిడని చూసే ప్రజానాట్యమండలి డాక్టర్ గరికపాటి రాజారావు గారు తన "పుట్టిల్లు" సినిమాలో హీరోయిన్‌గా తీసుకున్నారు, 1953లో వచ్చింది. అల్లు రామలింగయ్య గారికి కూడా అదే మొదటి సినిమా. అంటే ఆవిడని సినిమాకి చేర్చింది పౌరాణికం కాదు, రైతుల పోరాటం మీద రాసిన సాంఘిక నాటకం. మీ చెల్లిది కూడా సాంఘికాల దారే కదా, ఆ మాట పిల్లకి తప్పకుండా చెప్పండి.

ఇంకొకటి. 1966 నాటికి సత్యభామ ఆవిడకి కొత్త కాదు. 1957లోనే "వినాయక చవితి"లో ఆ వేషం వేశారు. ఆ తొమ్మిదేళ్లలో ఎన్ని సినిమాలు, ఎన్ని రకాల పాత్రలు! ఆ ధీమా అంతా తులాభారంలో కనిపిస్తుంది. మొదటిసారి వేసే పిల్ల నుంచి అంత ధీమా వెంటనే రావాలంటే ఎలా?

బొబ్బిలి అక్క:
జమున గారి పేరెత్తితే అందరూ సత్యభామ దగ్గరే ఆగిపోతారు, నాకు అది బాధ. "మూగమనసులు"లో గౌరిని చూడండి. 1964, ఆదుర్తి సుబ్బారావు గారి డైరెక్షన్. పక్కన నాగేశ్వరరావు గారు, సావిత్రి గారు ఉన్నా గోదారి గట్టు పిల్లగా ఆవిడ కనిపించగానే కళ్లు అటే పోతాయి. అదే పాత్ర హిందీ "మిలన్"లో ఆవిడే వేసి ఫిలింఫేర్ ఉత్తమ సహాయ నటి అవార్డు తెచ్చుకున్నారు. "గుండమ్మ కథ"లో సరోజ గారాల కూతురు, "పండంటి కాపురం"లో రాణీ మాలినీదేవి పగబట్టిన మనిషి. గౌరి గొడవపడినట్టు సరోజ పడదు, సరోజ కోపం మాలినీదేవి కోపం కాదు. టీచర్ గారూ, చెల్లెమ్మకి సత్యభామ సీన్లు కొన్నాళ్లు ఆపేసి ఈ మూడూ చూపించండి. కోపం ఎన్ని రకాలుగా ఉంటుందో తెలుస్తుంది, తన సత్యభామకి ఏ కోపమో తనే తేల్చుకుంటుంది.

రాజాం టీచర్:
అందరికీ నమస్కారాలు. మాస్టారూ, మీరు నిలబడి పాడమన్నారని చెల్లికి చెప్తే "అలా అయితే జనానికి విసుగు రాదా అక్కా" అంటోంది. డైరెక్టర్ గారికి ఎలా చెప్పాలో కూడా తెలియడం లేదు.

హార్మోనీ మాస్టారు, శ్రీకాకుళం:
విసుగు రాదమ్మా. పాట తెలిసిన జనం మనవాళ్లు, శ్రుతి తప్పితే ఒప్పుకోరు గానీ నిలబడితే ఏమీ అనరు. డైరెక్టర్ గారితో వాదన పెట్టుకోకండి. వచ్చే రిహార్సల్‌లో పాట రెండు విధాలా చేసి చూపించమనండి, ఒకసారి సినిమాలోలాగ తిరుగుతూ, ఒకసారి నిలబడి. ఆయన చెవితో ఆయనే వింటారు. రిహార్సల్‌కి కూడా సవరం, పూలజడ కట్టించండి. అలవాటు లేని తలకి ఆ బరువు మెడ మీద పడుతుంది, ఆట రోజున మొదటిసారి కడితే పాట మీద ధ్యాస నిలవదు. ఆదివారం సాయంత్రం అయితే నేను ఖాళీగానే ఉంటాను, పిల్లని తీసుకురండి, శ్రుతి చూసి పెడతాను.