ఏడు లక్షల డొనేషన్ కట్టి సీఎస్ఈ సీటు కొనాలా?

నల్లగొండ_నాన్న:
మా పాపకు ఈఏపీసెట్‌లో 58 వేల ర్యాంకు వచ్చింది. మేం బీసీ-బి. కన్వీనర్ కోటాలో మా జిల్లాలోనే ఒక కాలేజీలో ఈఈఈ వచ్చేలా ఉంది, ఫీజు 60 వేలు, రీయింబర్స్‌మెంట్ 35 వేలు పోను మిగతాది మేం కట్టుకోవాలి. పాపేమో సీఎస్ఈ తప్ప వద్దంటోంది. హైదరాబాద్‌లో ఒక కాలేజీవాళ్లు మేనేజ్‌మెంట్ కోటాలో ఇస్తామన్నారు. డొనేషన్ 7 లక్షలు, అది కాక ఏటా లక్షా 20 వేలు. లోన్ పెడదామా, ఎకరం అమ్ముదామా అని ఇంట్లో రోజూ గొడవే. మీరైతే ఏం చేస్తారు?

కోడ్_కూలీ:
నేనైతే కట్టేస్తా అన్నా. ఈఈఈ చదివినవాళ్లలో చాలామంది చివరికి సాఫ్ట్‌వేర్‌కే వస్తున్నారు కదా, మరి నాలుగేళ్లు ట్రాన్స్‌ఫార్మర్లు చదువుతూ రాత్రిళ్లు పైథాన్ నేర్చుకోవడం దేనికి? పైగా జిల్లా కాలేజీలకు క్యాంపస్ సెలక్షన్లకు వచ్చే కంపెనీలు తక్కువ.

కౌంటర్_మనిషి:
బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ ఫైళ్లు చూసేవాడిగా చెప్తున్నా సార్. మేం అప్పిచ్చేది కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన ఫీజు వివరాలను బట్టి. ట్యూషన్ ఫీజు, హాస్టల్, పుస్తకాలు, ల్యాప్‌టాప్ అందులో వస్తాయి. డొనేషన్ అనే లైను ఆ కాగితంలో ఎక్కడా ఉండదు, ఎందుకంటే 1983 చట్టం ప్రకారం క్యాపిటేషన్ ఫీజు, అంటే ఈ డొనేషన్, తీసుకోవడమే నేరం. అంటే మీకు లోన్ వచ్చేది ఏటా కట్టే ఆ లక్షా 20 వేలకు, హాస్టల్, పుస్తకాల్లాంటి ఖర్చులకే. 7 లక్షలు బయట తేవాలి, ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 14 వేలు, నాలుగేళ్లకు వడ్డీయే 6 లక్షల 72 వేలు, అసలు అలాగే ఉంటుంది. ఇంట్లో గొడవ లోనా, పొలమా అని జరుగుతోంది కానీ డొనేషన్ దగ్గర లోన్ అనేదే లేదు. మేనేజ్‌మెంట్ సీటుకు రీయింబర్స్‌మెంట్ కూడా రాదు.

లోన్ సంగతి కూడా చెప్పేస్తా. ఏడున్నర లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు, చదువు అయ్యాక ఏడాది వరకు కిస్తీ ఉండదు, కానీ వడ్డీ మొదటి రోజు నుంచే లెక్కలో పడుతుంది. మీరు కో-బారోవర్‌గా (పాపతో పాటు అప్పుకు బాధ్యుడిగా) సంతకం పెట్టాలి, ట్రాక్టర్ లోన్ కిస్తీలు ఆలస్యమై ఉంటే సిబిల్‌లో, అంటే మీ పాత అప్పుల రికార్డులో, కనబడుతుంది. కేంద్ర ప్రభుత్వ విద్యా రుణ పథకం పీఎం విద్యాలక్ష్మి అన్ని కాలేజీలకూ రాదు, ముందు జాబితాలో మీ కాలేజీ ఉందో లేదో చూసుకోండి.

కోడ్_కూలీ:
లెక్క బాగుంది కానీ, రీయింబర్స్‌మెంట్ అని నమ్ముకుని చేరితే ఏమవుతుందో కూడా చెప్పండి. బకాయిలు రాలేదని 2025లో ప్రైవేటు కాలేజీలే బంద్ చేశాయి. మా తమ్ముడి చదువు అయిపోయినా, ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదు కాబట్టి మీరే కట్టండి అని వాడి సర్టిఫికెట్లు ఆపారు.

కౌంటర్_మనిషి:
అది నిజమే. కానీ అక్కడ ఇరుక్కునేది ఏటా 35 వేలు, మీరు చెప్పే దాంట్లో పోయేది ఎకరం.

ఎంసీఏ_అక్క:
ఎవరూ డిగ్రీ మాటే ఎత్తరేం? నేను దోస్త్‌లో (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ కౌన్సెలింగ్) ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పెట్టుకుని బీఎస్సీ కంప్యూటర్స్ చేశా, తర్వాత ఐసెట్ రాసి ఎంసీఏ. ఇప్పుడు ఎంసీఏ రెండేళ్లే, మొత్తం ఐదేళ్లు. బీఎస్సీలో మ్యాథ్స్ ఉంటే ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోనూ చేరొచ్చు. కొన్ని కంపెనీలు బీటెక్ మాత్రమే అని పెడతాయి, ఆ చిరాకు ఉంది, దాచను. అయినా మా నాన్న ఎవరి దగ్గరా చేయి చాచలేదు.

కోడ్_కూలీ:
అక్కా, మీ బ్యాచ్‌లో ఎంతమంది మీలా నిలదొక్కుకున్నారు? ఒక్కరి కథ చూపించి దారి ఉందంటే ఎలా?

ఎంసీఏ_అక్క:
డొనేషన్ కట్టినవాళ్లందరికీ ఉద్యోగాలు వచ్చాయా తమ్ముడూ? ఆ లెక్క కూడా ఎవరూ చెప్పరు.

నల్లగొండ_నాన్న:
కాలేజీకి ఫోన్ చేసి రసీదు అడిగా. లక్షకు బిల్డింగ్ ఫండ్ అని రాసిస్తారట, మిగతా 6 లక్షలు క్యాష్ తెమ్మన్నారు, అదీ రెండు రోజుల్లో. సీటు మానుకుంటే వెనక్కిస్తారా అంటే ఫోన్ పెట్టేశారు. పాప పక్కనే ఉండి అంతా విన్నది, అయినా ఈఈఈ మాత్రం వద్దంటోంది.

ఎంసీఏ_అక్క:
అయితే వెబ్ ఆప్షన్లలో పాప ఎన్ని కాలేజీలు పెట్టింది? పేరున్న పది పెట్టి ఊరుకున్నారా? డేటా సైన్స్, ఏఐ-ఎంఎల్, ఐటీ బ్రాంచీలు పేరు లేని కాలేజీల్లోనూ ఉంటాయి, ఇంకో విడత ఉండగానే అన్నీ నింపండి, ఆ తర్వాత ఇంటర్నల్ స్లైడింగ్ (అదే కాలేజీలో సీటు ఖాళీగా ఉన్న వేరే బ్రాంచికి మారడం) కూడా ఉంటుంది. లిస్టు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాం.