అప్‌డేట్: అమ్మతో మక్కా మసీదు చూసొచ్చాం

మేం ముస్లింలం కాదు, అమ్మను హైదరాబాద్ మక్కా మసీదుకు తీసుకెళ్లొచ్చా, ఎప్పుడు వెళ్తే నమాజుకొచ్చేవాళ్లకు ఇబ్బంది ఉండదు అని అడిగాను కదా. మొత్తానికి వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అన్నిటికన్నా పనికొచ్చింది "శుక్రవారం వద్దు, మామూలు రోజు పొద్దునపూట, మధ్యాహ్నం నమాజుకు ముందే చూసేయండి" అన్న మాట. ఆవరణలో జనం పలచగా ఉన్నారు, పావురాలే ఎక్కువ. గేటు దగ్గర పోలీసులు బ్యాగు చూసి పంపించారు. టికెట్ లేదు. ముందుగా అనుమతి కావాలేమో, ఆధార్ చూపించాలేమో అని పడ్డ టెన్షనంతా అనవసరం, ఎవరూ అడగలేదు. అమ్మ చీర కొంగే తల మీద కప్పుకుంది, విడిగా స్కార్ఫ్ కొనక్కర్లేకపోయింది.

ఒకటి మాత్రం ముందే తెలుసుకుని వెళ్లండి: నమాజు చేసే పెద్ద హాల్లోకి ఆడవాళ్లను పంపరు. అమ్మ బయటి నుంచే ఆ రాతి కమానులను చాలాసేపు చూసింది. కుతుబ్‌షాహీల కాలంలో మొదలైన ఈ కట్టడం ఔరంగజేబు హయాంలో, 1694లో పూర్తయింది. అన్నేళ్ల పని ఆ కమానుల్లో కనిపిస్తుంది. పక్కనే వరుసగా ఉన్న అసఫ్‌జాహీ నిజాంల సమాధులు కూడా చూడండి, చాలామంది వాటిని వదిలేసి వెళ్లిపోతున్నారు.

ఫొటోలు ఆవరణలోనే, అదీ అడిగి తీసుకున్నాం. నమాజు చేసుకుంటున్నవాళ్ల వైపు ఫోన్ తిప్పలేదు. చెప్పులు విప్పాక నడిచేది రాతి నేల మీద కాబట్టి, ఎండాకాలంలో పెద్దవాళ్లను తీసుకెళ్తే సాక్సులు వేయించండి.