డిగ్రీ కాలేజీలో అమ్మాయిల సాఫ్ట్‌బాల్ జట్టు: కోచ్‌గా ఎక్కడ మొదలెట్టాలి?

రాజాం_ఖోఖో:
అందరికీ నమస్కారం. ఎం.పి.ఎడ్. పూర్తయింది, ఖోఖోలో యూనివర్సిటీకి ఆడాను. రాజాం దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పీడీగా (ఫిజికల్ డైరెక్టర్) చేరాను. ఈ ఏడాది అమ్మాయిల సాఫ్ట్‌బాల్ జట్టు దింపాలి, కోచ్ కూడా మీరే అని మేనేజ్‌మెంట్ అంటోంది. రూల్స్ చదివాను గానీ ఈ ఆటలో జట్టుని తయారు చేసిన అనుభవం లేదు. ఇంటర్ కాలేజియేట్‌కి మూడు నెలలుంది. పేర్లిచ్చిన వాళ్లలో ఎక్కువ మంది కబడ్డీ, ఖోఖో, ఇద్దరు జావెలిన్. గ్రౌండ్ ఉంది, డైమండ్ (నాలుగు బేసుల చదరం) లేదు. ముందు ఏం కొనాలి, ఏం నేర్పాలి? ఇంకోటి, ఈ లైన్లోనే ఉంటే ముందుకి దారి ఉందా?

పదమూడు_మీటర్లు:
ముందు గ్రౌండ్ సంగతి చూడండి మేడమ్. కొలతలు తప్పితే మూడు నెలల ప్రాక్టీసూ తప్పు దూరానికే అలవాటైపోద్ది.

సాగని నైలాన్ తాడు ఒకటి, 50 మీటర్ల టేపు ఒకటి తీసుకోండి. తాడు మీద 13.11, 18.29, 25.86, 36.58 మీటర్ల దగ్గర రంగు గుడ్డలు కట్టండి. హోమ్ ప్లేట్ (బ్యాటర్ ఆడే చోటి పలక) వెనక మొన దగ్గర మేకు కొట్టి తాడు మొదలు కట్టి, సెంటర్ ఫీల్డ్ వైపు నేరుగా లాగండి. 25.86 దగ్గర సెకండ్ బేస్ మేకు. ఇప్పుడు 36.58 గుర్తుని సెకండ్ మేకుకి కట్టేసి, 18.29 గుర్తుని ఒకరు పట్టుకుని కుడివైపు బిగుతుగా లాగితే అదే ఫస్ట్ బేస్ మూల, ఎడమవైపు లాగితే థర్డ్. వేరే మూలమట్టం అక్కర్లేదు. ఫస్ట్, థర్డ్ సంచులు రెండూ గీత లోపలికే ఉండాలి. సెకండ్ బేస్‌కి మాత్రం మేకు సంచి నడిమధ్యకి రావాలి.

ఎక్కువ మంది తప్పేది పిచ్చింగ్ ప్లేట్ (బంతి విసిరే పిచ్చర్ కాలు ఆనించే పలక) దగ్గర. ఫస్ట్‌కీ థర్డ్‌కీ తాడు లాగి, మధ్య గీతని అది దాటిన చోట ప్లేట్ పాతేస్తారు. ఆ చోటు 12.93 మీటర్లు. అమ్మాయిలకి కావలసింది 13.11, అదీ ప్లేట్ ముందు అంచు వరకు. జానెడు తేడాయే గానీ, దగ్గర నుంచి అలవాటైన పిచ్చర్‌కి అసలు గ్రౌండ్‌లో బంతి ప్లేట్ ముందే పడిపోద్ది. ప్లేట్ చుట్టూ 2.44 మీటర్ల రేడియస్‌తో సర్కిల్ గీయండి.

మట్టి గురించి ఒక్క మాట. "గ్రావెల్ తోలించేస్తాం" అని మేనేజ్‌మెంట్ ఉత్సాహపడితే ఆపండి. గులకరాయి తగిలి గ్రౌండర్ (నేల మీద దొర్లే బంతి) ముఖం మీదకి లేస్తుంది, బేస్‌కి స్లైడ్ చేసిన పిల్లకి తొడ తోలు లేచిపోద్ది. ఎర్రమట్టి జల్లెడ పట్టి, కాస్త ఇసుక కలిపి, తడిపి రోలరేయించండి. అక్టోబరులో తుపాను పడితే రెండు వారాలు పోతాయి. నీళ్లు బయటికి పోయేలా అంచుల వైపు కాస్త వాలు ఇప్పుడే పెట్టించుకోండి.

బ్యాక్‌స్టాప్ (బంతిని ఆపే వల) హోమ్ ప్లేట్ వెనక కనీసం 7.62 మీటర్ల దూరంలో ఉండాలి. కళింగపట్నం, భావనపాడు వైపు వాడేసి పక్కన పడేసిన చేపల వల దొరికితే సరిపోద్ది గానీ లావు దారంది చూడండి, సన్నది నెలకే చిరుగుద్ది. బేసులు గోనెసంచితో 38 సెంటీమీటర్ల చదరం కుట్టించి కొబ్బరి పీచు దట్టించండి. ఇసుక నింపితే కాలు పడినప్పుడు పక్కకి జారి మడమ తిరుగుద్ది.

నెల్లిమర్ల_పీడీ:
సామాను మీరట్ నుంచో జలంధర్ నుంచో తెప్పిస్తే చవక. 12 అంగుళాల బంతులు రెండు డజన్లు, 32, 33 అంగుళాల బ్యాట్లు మూడు, క్యాచర్‌కి (బ్యాటర్ వెనక బంతి పట్టే అమ్మాయికి) మాస్క్, చెస్ట్ గార్డ్, లెగ్ గార్డులు పూర్తి సెట్. హెల్మెట్లు రెండు చెవులూ కప్పేవి, కనీసం నాలుగు: ఒకటి బ్యాటర్‌కి, మూడు రన్నర్లకి. క్రికెట్ హెల్మెట్ పనికిరాదు.

గ్లౌజ్ ఆర్డర్‌లో జాగ్రత్త. కుడిచేత్తో విసిరే పిల్ల ఎడమచేతికి తొడుగుతుంది. ఫోన్లో "రైట్ హ్యాండ్‌వి పది" అంటే కొట్టువాడు కుడిచేతికి తొడిగేవి పంపేస్తాడు. "కుడిచేత్తో విసిరేవాళ్లకి" అని రాతపూర్వకంగా ఇవ్వండి. ఎడమచేతి వాటం వాళ్లకి ఒకటి రెండు విడిగా రాయండి. కొత్త గ్లౌజ్ అట్టలా ఉంటుంది. లోపల పలచగా కొబ్బరినూనె కాదు, వాజలైన్ రాసి, గ్లౌజ్ నడిమి గుంటలో బంతి పెట్టి తాడుతో కట్టి రెండు మూడు రాత్రులు ఉంచండి. కొబ్బరినూనె ఎక్కువైతే తోలు మెత్తబడి బరువెక్కుతుంది. ఆ తర్వాత రోజూ యాభై క్యాచ్‌లు పట్టిస్తే గానీ మూసుకోదు.

రాజాం_ఖోఖో:
చాలా థాంక్స్ అండి. పిచ్చర్‌గా జావెలిన్ అమ్మాయిని పెట్టనా? చేయి బలం ఉంది. నిన్న విండ్‌మిల్ (చేయి గుండ్రంగా తిప్పి కింది నుంచి వేయడం) తిప్పించి చూస్తే బంతి క్యాచర్ తల మీద నుంచి పోతోంది.

పదమూడు_మీటర్లు:
జావెలిన్ వాళ్లని సెంటర్ ఫీల్డ్‌కీ, థర్డ్ బేస్‌కీ పంపండి. పిచ్చింగ్‌కి భుజం బలం కన్నా మణికట్టు విసురు, ఒకే పనిని వందసార్లు ఒకేలా చేసే ఓపిక కావాలి. ముగ్గురిని ఎంచుకోండి. ఒకరి మీదే ఆధారపడితే రెండో మ్యాచ్‌కి భుజం పట్టేస్తుంది, మీ జట్టు అక్కడితో సరి.

బంతి పైకి పోతోందంటే తుంటి దాటాక వదులుతోంది. ముందే వదిలితే నేలకి కొడుతుంది. దీన్ని 13 మీటర్ల దూరం నుంచి సరిచేయలేం. మొదటి వారం గోడకి మూడు మీటర్ల దూరంలో, చేయి తిప్పకుండా, మణికట్టుతో మాత్రమే విసిరించండి. రెండో వారం చేయి పైకెత్తి సగం తిప్పడం. మూడో వారం పూర్తి చక్రం, ఎనిమిది మీటర్ల నుంచి. వేగం ఊసే ఎత్తకండి. హోమ్ ప్లేట్ మీద రెండు కర్రలు పాతి 43 సెంటీమీటర్ల వెడల్పులో, మోకాలి దగ్గర ఒక తాడు, చంక ఎత్తులో ఒక తాడు కట్టి ఆ కిటికీలోంచి వెయ్యమనండి. పదిలో ఆరు లోపలికి పోతున్నాయంటే మ్యాచ్‌కి పనికొస్తుంది. ఈ స్థాయిలో జట్లు హిట్లతో కన్నా వాక్‌లతోనే (నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కి ఊరికే దక్కే ఫస్ట్ బేస్) ఎక్కువ ఓడతాయి. రోజుకి 60, 70 బంతులు, వారానికి నాలుగు రోజులు చాలు.

కాలు చూడండి. నెట్టిన కాలు ప్లేట్ వదిలాక మళ్లీ నేలకి ఆనించి అక్కడి నుంచి రెండోసారి తోస్తే క్రో హాప్, అంపైర్ ఇల్లీగల్ పిచ్ ఇస్తాడు. అడుగు ప్లేట్ వెడల్పు 61 సెంటీమీటర్ల లోపలే పడాలి. రెండు సున్నం గీతలు ముందుకి గీస్తే తనకే తెలుస్తుంది.

ఖోఖో వాళ్లు మీ బంగారం. షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేసుల మధ్య ఫీల్డర్), సెకండ్ బేస్ వాళ్లవే. బంట్ (బ్యాట్‌ని మెల్లగా ఆనించి బంతిని దగ్గరే పడేయడం) కొట్టి ఫస్ట్‌కి పరిగెత్తడానికి వాళ్లని మించినవాళ్లు లేరు. ఒక్కటే రోగం, ముందే కదిలిపోతారు. పిచ్చర్ చేతిలోంచి బంతి వదలకముందే బేస్ వదిలితే రన్నర్ ఔట్. కళ్లు కోచ్ మీద కాదు, పిచ్చర్ చేతి మీద ఉండాలి. క్రికెట్ అలవాటున్న వాళ్లతో ఇంకో తంటా: కొట్టాక బ్యాట్ పట్టుకునే పరిగెడతారు, బంతి ఎటు పోయిందో నిలబడి చూస్తారు. ఫెయిర్ బంతి (గీతల లోపల పడేది) తగిలిందంటే పరిగెత్తక తప్పదని రోజూ చెప్పాలి. మూడో స్ట్రైక్‌ని క్యాచర్ జారవిడిస్తే, ఫస్ట్ బేస్ ఖాళీగా ఉన్నా, లేదా ఇద్దరు ఔటై ఉన్నా బ్యాటర్ పరిగెత్తొచ్చు. మీ వాళ్లు పరిగెత్తాలి, మీ క్యాచర్ ఫస్ట్‌కి విసరాలి. దీనికే రోజూ పావుగంట కేటాయించండి.

ఎచ్చెర్ల_గ్యాలరీ:
దారి గురించి అడిగారు కదమ్మా. ఉన్నమాట చెప్తాను. మన డిగ్రీ కాలేజీల్లో సాఫ్ట్‌బాల్ హెడ్ కోచ్ అనే పోస్టు లేదు. పీడీయే అన్నీ. కబడ్డీకీ మీరే, ఆగస్టు 15 పరేడ్‌కీ మీరే. యూనివర్సిటీ జట్టుకి కోచ్‌గా, మేనేజర్‌గా ఆ సీజన్‌కి మాత్రం ఎవరో ఒక పీడీని వేస్తారు. మీ జట్టు ఫైనల్‌కి వస్తే ఆ పేరు మీదయ్యే అవకాశం ఎక్కువ. అక్కడి నుంచి ఏఐయూ (భారత యూనివర్సిటీల సంఘం) ఇంటర్ యూనివర్సిటీకి వెళ్తారు, రాష్ట్ర అసోసియేషన్ వాళ్ల కళ్లలో పడతారు.

నిలకడైన ఉద్యోగం కావాలంటే యూజీసీ 2018 నిబంధనలు చూసుకోండి. పీజీలో 55 శాతం, నెట్ లేదా సెట్ లేదా పీహెచ్‌డీ, యూనివర్సిటీకో రాష్ట్రానికో ఆడిన సర్టిఫికెట్, పైన ఫిట్‌నెస్ పరీక్ష. 30 ఏళ్ల లోపు మహిళలకి ఎనిమిది నిమిషాల్లో 1000 మీటర్లు. మీరు ఖోఖో ఆడారు కాబట్టి ఆ సర్టిఫికెట్ భద్రం. పటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంటాయి. ఏ ఏడు ఏ ఆటలకి సీట్లున్నాయో నోటిఫికేషన్‌లో చూసి అప్లై చేయండి.

అమెరికాలో కథ వేరు. అక్కడ కాలేజీ హెడ్ కోచ్‌కి అది ఒక్కటే ఉద్యోగం. ఆటగత్తెల్ని వెతకడమే అందులో సగం పని. పదకొండో తరగతి సెప్టెంబరు 1 నుంచే పిల్లలతో మాట్లాడటానికి ఎన్‌సీఏఏ (అక్కడి కాలేజీ ఆటల సంఘం) ఒప్పుకుంటుంది. ఓక్లహోమా యూనివర్సిటీ కోచ్ ప్యాటీ గాసో ఒక కమ్యూనిటీ కాలేజీలో పనిచేసి 1995లో అక్కడికి వచ్చింది. 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు టైటిళ్లు. చిన్న కాలేజీ, ఆ తర్వాత పెద్దది అన్న వరస మాత్రం అక్కడా ఉంది. మనకి ఆ వెతుకులాట జూనియర్ కాలేజీ గ్రౌండ్లలో చేయాలి. ఇంటర్ రెండో ఏడాది పిల్లల్ని జనవరిలోనే చూసుకుని అడ్మిషన్‌కి మాట్లాడండి. జులైలో వెతికితే మిగిలినవాళ్లే దొరుకుతారు.

నెల్లిమర్ల_పీడీ:
ఒకటి మర్చిపోకండి. లైనప్ కార్డులో పేరు, జెర్సీ నంబరు స్కోరర్ పుస్తకంతో సరిపోవాలి. డీపీని (ఫీల్డర్ బదులు బ్యాటింగ్ చేసే అమ్మాయి) వాడితే పదో పేరుగా ఫ్లెక్స్‌ని (ఆ ఫీల్డర్) చివర్లో రాయండి. మొదట దిగిన అమ్మాయి బయటికి వచ్చినా ఒకసారి తిరిగి రావొచ్చు, బ్యాటింగ్ వరసలో తన పాత స్థానంలోకే. వేరే స్థానంలో దింపితే అవతలి కోచ్ అప్పీల్ చేస్తాడు. ఎలిజిబిలిటీ ఫారాలు ప్రిన్సిపాల్ సంతకంతో, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్ జెరాక్స్‌లతో రెండు సెట్లు చేయండి. పుట్టినతేదీ టెన్త్ మెమోలో ఉన్నదే ఫారంలో రాయండి, ఆధార్‌లోది కాదు.