ట్రిగ్ సమీకరణాలు ఇంకా చేత్తోనే చేయాలా?

కోనసీమ_కుర్రాడు:
మా తమ్ముడు ఇంటర్ ఫస్టియర్. నిన్న రాత్రి ఒక్క లెక్కకి రెండు పేజీలు నింపాడు: సైన్ θ + √3 కాస్ θ = √2. నేను ఫోన్‌లో అర నిమిషంలో తేల్చేశా. ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా, ఇలాంటిది చేత్తో చేసే అవసరం ఒక్కసారీ రాలేదు. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) కాలిక్యులేటర్ ఇవ్వరు, సరే. అది తప్ప వేరే కారణం ఉందా?

పాత_లెక్చరర్:
రెండు పేజీలా? వర్గం చేసి ఉంటాడు బాబూ, అక్కడే దారి తప్పాడు. రెండు వైపులా 2తో భాగించమనండి. √3/2 అంటే కాస్ 30, 1/2 అంటే సైన్ 30. ఎడమ పక్క కాస్ (θ − 30°) అయి కూర్చుంటుంది. కుడి పక్క 1/√2, అంటే కాస్ 45. కాబట్టి θ − 30 = ±45. θ = 75° లేదా −15°, దానికి 360 ఎన్నిసార్లు కలుపుకున్నా సరే. నాలుగు లైన్లు! కాలిక్యులేటర్‌లో కాస్ ఇన్వర్స్ నొక్కితే 45 ఒక్కటే చెబుతుంది. ఆ మైనస్ 45 సంగతి ఎవరు చెప్పాలి?

సర్వే_డిప్లొమా:
మాస్టారూ, అది వండి పెట్టిన లెక్క. 30, 45 వచ్చేలా ముందే చూసుకుని ఇచ్చారు. అందుకే జవాబులో 15 గుణిజం రాకపోతే పిల్లలు తప్పు చేశామనుకుని కొట్టేస్తారు. 3 సైన్ θ + 4 కాస్ θ = 2 చేయండి చూద్దాం. 5తో భాగిస్తే కాస్ (θ − α) = 0.4, α అంటే సైన్ విలువ 3/5 అయ్యే కోణం. అక్కడితో చెయ్యి ఆగిపోతుంది. సైట్‌లో మాకొచ్చే కోణాలన్నీ ఇలాంటివే.

పాత_లెక్చరర్:
ఆగదు నాయనా. 7వ శతాబ్దంలోనే మొదటి భాస్కరుడు సైన్‌కి ఉజ్జాయింపు సూత్రం ఇచ్చాడు. మీ θ − α ని φ అనుకుని దాన్ని కాస్‌కి మార్చుకుంటే, డిగ్రీల్లో: (32400 − 4φ²) ÷ (32400 + φ²). దీన్ని 0.4కి సమానం చేస్తే φ² = 19440 ÷ 4.4, సుమారు 4418. వర్గమూలం 66.47. మీ కాలిక్యులేటర్ 66.42 అంటుంది. కాగితం, పెన్ను చాలు.

సర్వే_డిప్లొమా:
సూత్రానికి దండం. కానీ 0.05 డిగ్రీ తేడా అంటే 100 మీటర్ల దూరంలో ఎనిమిది సెంటీమీటర్లు పక్కకి పోతుంది. గోడ పక్కింటివాళ్ల స్థలంలోకి వెళ్తుంది, ఆ తర్వాత పంచాయితీకి భాస్కరుడు రాడు 😀

ఫస్టియర్_ఎంపీసీ:
నాదో మాట అన్నా. ఎంసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. నేను సగంసార్లు సమీకరణం సాధించను, ఆప్షన్లు పెట్టి చూస్తా. చేత్తో చేస్తే అర్థమవుతుందని పెద్దవాళ్లు అంటారు గానీ, మాకు అంత టైమ్ ఎక్కడిది? ఒకటి మాత్రం ఒప్పుకుంటా. మొన్న మా అక్క కాలిక్యులేటర్‌లో సైన్ 30 కొడితే −0.988 వచ్చింది. ఆల్ సిల్వర్ టీ కప్స్ (ఏ పాదంలో ఏవి ప్లస్సో గుర్తుపెట్టుకునే వాక్యం, మొదటి పాదంలో అంటే 0–90 డిగ్రీల్లో అన్నీ ప్లస్సే) బట్టీ పట్టి ఉన్నా కాబట్టి మొదటి పాదంలో సైన్‌కి మైనస్ ఏంటని డౌట్ వచ్చింది. చూస్తే అది డిగ్రీల బదులు రేడియన్‌లో (కోణానికి ఇంకో కొలత) ఉంది. అక్క బీటెక్!

కోనసీమ_కుర్రాడు:
తమ్ముడి నోట్‌బుక్ తీసి చూశా మాస్టారూ. వర్గమే చేశాడు. 75, 165, 255, 345 (అంటే మీ −15కి 360 కలిపితే వచ్చేది) అని నాలుగు రాశాడు. ఒక్కోటీ పెట్టి చూస్తే 165, 255 దొంగవి, √2 బదులు −√2 వస్తోంది. వాడు రెండు ఎక్కువ రాశాడు. నేను ఫోన్‌లో తేల్చింది 75 ఒక్కటే.