ఆడిషన్ పంపే ముందు తోటివాళ్లకు వినిపించాలా, వద్దా?

దేవరకొండ మైకు:
మన నల్గొండ, పాలమూరు దిక్కు ఇంట్ల నుంచే వాయిస్ ఆడిషన్లు (ప్రకటనలకు, పాత్రలకు గొంతు నమూనాలు) పంపేటోళ్లకు కాస్టింగ్ (గొంతు ఎంచుకునేటోళ్లు) నుంచి వచ్చేది ఒక్క ముక్క: "ఇంకా సహజంగా", లేకుంటే "యాస తగ్గించండి". చాలాసార్లు అదీ రాదు. అందుకే తోటివాళ్ల చెవిల పడకుండ ఏ టేకూ (ఒకసారి చదివి చేసిన రికార్డింగు) పంపొద్దంట నేను. మీరేమంటరు?

గద్వాల గొంతు:
ఒప్పుకోనన్నా. వచ్చిన స్క్రిప్టు ఇంకా బజార్ల దిగని సరుకుది. గ్రూపుల పెడితే గోప్యత ఒప్పందం తప్పినట్టే, అక్కడితోని పని ఖతం. పైగా నలుగురు చెప్పినట్టల్ల దిద్దుకుంట పోతే టేకు చప్పబడుతది. ఎవరికీ తప్పు దొరకదు, ఎవరికీ గుర్తుండదు. ఎంచుకునేది కాస్టింగ్ వాళ్లు, వాళ్ల మాటే వినాలె.

మిర్యాలగూడ అక్క:
"ఎట్లుంది?" అని అడిగితే "సూపర్" తప్ప ఇంకో జవాబు రాదు, తప్పంత ఆ ప్రశ్నల ఉంది. స్క్రిప్టు చూపియ్యకుండ ఒక్కసారే వినిపియ్యాలె. ఎవరితోని మాట్లాడుతున్నట్టుంది, ఏ మాట గుర్తుంది, ఎక్కడ ధ్యాస తప్పింది, ఈ మూడే అడగాలె. ముగ్గురు చాలు. ఇద్దరికి ఒక్క జాగలనే ధ్యాస తప్పితే అక్కడ దిద్దాలె. ఒక్కరే అంటే అది వాళ్ల ఇష్టం, వదిలెయ్యాలె.

వాట్సాప్ వాయిస్ నోట్ పంపొద్దు. అది ధ్వనిని బాగ కుదిస్తది, గది మార్మోగుడు, "స" కీచుదనం సరిగ తెల్వయి. వేవ్ ఫైలును (ధ్వనిని కుదియ్యని రికార్డింగు) డాక్యుమెంట్‌గ పంపాలె, హెడ్‌ఫోన్ పెట్టుకొని వినమనాలె. 50 హెర్ట్జ్ కరెంటు హమ్ (లోతుగ గుంయ్‌మనే చప్పుడు) ఫోన్ స్పీకర్‌ల వినబడదు.

గోప్యత మాట మాత్రం తమ్ముడు చెప్పిందే సరి. జరుగుతున్న ఆడిషన్ జోలికి పోవద్దు. టీవీల వచ్చిపోయిన ప్రకటన రాసుకొని దానిమీద సాధన చెయ్యాలె.

దేవరకొండ మైకు:
మరి "యాస తగ్గించండి" అంటే ఏం తగ్గియ్యాలె అక్కా?

మిర్యాలగూడ అక్క:
ఆ ఒక్క మాట కింద మూడు వేరే లోపాలు దాగుంటయి. ఒత్తు పోవుడు: "భూమి" కాస్త "బూమి", "ధర" కాస్త "దర" అయితది. శ, ష, స ఒక్కటైపోవుడు రెండోది. వాక్యం చివరి అచ్చు సాగదీసుడు మూడోది. ఏదో తేల్చుకోకుండ గొంతంత మార్చుకుంటే వార్తలు చదివినట్టయితది, మల్ల "సహజంగా లేదు" అనే జవాబొస్తది. ఇసొంటి చోట తోటివాళ్ల చెవి అక్కరకొస్తది: ముగ్గురిల ఒక్కొక్కరికి ఒక్కో లోపం అప్పజెప్పి, వినబడ్డ జాగ నిమిషం, సెకనుతోని రాయమనాలె.

"సహజంగా" అన్నా అంతే. "స్వచ్ఛమైన, కమ్మని, తాజా" అని వరుసగ ఉంటే మూడూ నొక్కి పలుకుతరు. ఒక్కటే నొక్కి, తక్కినవి జారవిడువాలె.

కోదాడ చెవి:
తెలంగాణ యాసల కావాలని అడిగినప్పుడు మాత్రం కాస్టింగ్ మాటకన్న ఊరోళ్ల చెవినే నమ్ముత. ప్రతి వాక్యంల "గిట్ల, గట్ల" ఇరికిస్తే యాస కాదది. మా కోదాడ, హుజూర్‌నగర్ మాటల కృష్ణా, గుంటూరు గాలుంటది. గద్వాల, అలంపూర్ దిక్కు కర్నూలు, రాయచూరు కలుస్తయి. దేవరకొండ మాట మల్ల వేరు. పాత్రది ఏ ఊరో ముందు అడిగి, ఆ ఊరోళ్లకే వినిపియ్యాలె.

గద్వాల గొంతు:
పాత స్క్రిప్టు మీదనైతే సరే, ఒప్పుకుంట. అసలు ఆడిషన్ టేకును మాత్రం ఎవ్వరికీ ఇయ్య. రెండు టేకులు అడిగితే చాలమంది ఒకటి మెల్లగ, ఒకటి జోరుగ పంపుతరు. అది రెండు టేకులు కాదు. వినేటోడు మారాలె: విత్తనాల ప్రకటనైతే ఒకటి పక్క చేను రైతుతోని, ఇంకోటి కొత్తగ ఎవుసం మొదలువెట్టిన కొడుకుతోని.

ఫ్యాను బందు వెట్టి, మైకుకు జానెడు దూరంల, మూతి కొంచెం పక్కకు తిప్పి చదవాలె. రికార్డింగుల గొంతు ఎత్తు (పీక్) మైనస్ 3 డెసిబెల్స్ దాటొద్దు, మాట లేనప్పటి చప్పుడు మైనస్ 60 డెసిబెల్స్ కంటే కిందనే ఉండాలె. నాయిస్ తీసే ప్లగిన్ గట్టిగ వాడితే గొంతు నీళ్లల్ల మునిగినట్టుంటది. దానికన్న గోడకు బొంత కట్టి మల్ల రికార్డు చేసుడు మేలు.

మిర్యాలగూడ అక్క:
జవాబు రాని ఆడిషన్ మీద తీర్పు చెప్పుకోవద్దు, ఆ పాత్రకు ఇంకో గొంతు కుదిరి ఉండొచ్చు. మూడు వేరే చోట్ల నుంచి ఒక్కటే మాట వస్తే అప్పుడు పట్టించుకోవాలె. స్క్రిప్టు రకం, పంపిన టేకు, వచ్చిన మాట ఒక పట్టికల రాసిపెడితేనే అది దొరుకుతది.