మాటల అంత్యాక్షరిలో ‘యాప’ చెల్లుతుందా?

గుంపులోని పెద్దలకు ఒక తగువు అప్పజెబుతున్నాను, తీర్పు చెప్పండి. నరసన్నపేట దగ్గర మా అత్తగారి ఊళ్ళో పండక్కి చేరిన పిల్లలు మాటల అంత్యాక్షరి ఆడారు. పాటలది కాదు, ఉత్త మాటలది. ఆఖరి అక్షరం పట్టుకుని తర్వాతివాళ్ళు మాట చెప్పాలి. గుణింతం ఏదైనా పరవాలేదు. ఒకసారి వచ్చిన మాట మళ్ళీ రాకూడదు. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు కుదరవు. రోకలి, లంక, కుడుము, మాగాయ దాకా సాఫీగా నడిచింది. ‘య’ దగ్గర మా తోడికోడలి కొడుకు ‘యాప’ అన్నాడు. హైదరాబాదు నుంచి వచ్చిన పిల్ల ఒప్పుకోలేదు. అది ‘వేప’, నువ్వు ఔట్ అంది. మా అత్తగారు కలగజేసుకున్నారు: “యాపసెట్టు కింద కూకోని యాప మాట కాదంటావేటే!”

ఆ పూటకి అత్తగారి మాటే నెగ్గింది. నాకు మాత్రం తగువు అక్కడే మొదలైంది. ఎందుకంటే ఈ మెలిక పెట్టింది పిల్లలు కాదు, మన భాషే. తెలుగు మాటలకు మొదట ‘య’ రాదని, ‘వు వూ వొ వో’లు కూడా రావని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే సూత్రం రాసిపెట్టాడు. యముడు, యంత్రం, యాత్ర, యజమాని అన్నీ సంస్కృతం నుంచి తెచ్చుకున్నవే. మరి చివర చూడండి: కాయ, పాయ, రాయి, చేయి, నెయ్యి, పొయ్యి, గొయ్యి, నుయ్యి. వంటింట్లోంచి పెరట్లోకి వెళ్ళేలోగా ఎన్నో తగులుతాయి. ముగింపులో ఇంత దండిగా ఉన్న అక్షరం మొదట్లో కరువు.

‘డ’ సంగతీ ఇంతే. తమ్ముడు, అల్లుడు, దేవుడు, మా వైపు గుంటడు. మగవాళ్ళంతా ‘డు’తోనే ముగుస్తారు. కానీ నాలుక కొన వెనక్కి మడిచి పలికే ట, డ లాంటి మూర్ధన్యాలు ద్రావిడ భాషల్లో మాట మొదట రావడం మొదట్నుంచీ అలవాటు లేదు. ఇప్పుడు మనం వాడేవాటిలో టోపీ, టపా, డబ్బా లాంటి అరువు సరుకు, టకటక, డబడబ లాంటి చప్పుళ్ళే ఎక్కువ. అచ్చంగా మనదే అనిపించే ‘డెబ్బై’ కూడా ఏడు, పది కలిసి, ముందరి అచ్చు చోటు మారి అలా తయారైంది. ‘ణ’, ‘ళ’లది మరీ అన్యాయం, వాటికి సంస్కృతంలో కూడా అప్పు పుట్టదు. వీణ అన్నామంటే ఆట అయిపోయినట్టే. అందుకని అందరూ ణకి న, ళకి ల ఒప్పుకుంటారు. మా ఊళ్ళో చాలామంది నోట నీళ్ళు ఎలాగూ ‘నీల్లు’ కాబట్టి అక్కడ ఆ ఒప్పందం అవసరం కూడా పడలేదు.

ఇప్పుడు చెల్లుబాటు సంగతి. నిఘంటువులో ఉంటేనే మాట అనేవాళ్ళున్నారు. పెద్దపిల్లలు ఫోను తీసి ఆంధ్రభారతి నిఘంటువుల సైటులో వెతుకుతారు. నాకు అది నచ్చదు. ‘డు’ దగ్గర ఇరుక్కున్న మా ఆడపడుచు కొడుకు ఫోనులో చూసి ‘డుండుభం’ అన్నాడు. నీటిపాము అని అర్థం, అమరకోశంలో కూడా ఉంది. కానీ చెరువు గట్టున నిజంగా నీటిపాము కనబడితే వాడు డుండుభం అని అరుస్తాడా? ఆ రోజంతా వాడిని ఆ పేరుతోనే పిలిచారు, అది వేరే సంగతి.

నిఘంటువులో లేనంత మాత్రాన మాట కాకుండా పోదు కూడా. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశం మొదలుపెట్టినప్పుడు జిల్లాల వారీగా రైతుల నోటి నుంచే మాటలు సేకరించారు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. పుస్తకంలోకి ఎక్కకముందు కూడా అవి పొలంలో చెల్లిన మాటలే కదా.

కాబట్టి నా పద్ధతి ఇది: మాట చెప్పినవాళ్ళు దాన్ని పెట్టి ఒక వాక్యం చెప్పాలి, ఆ వాక్యం కూర్చున్నవాళ్ళలో ఇంకొకరికైనా వివరించకుండానే అర్థమవాలి. ‘చోళ్ళు’ ఇలాగే నెగ్గింది. హైదరాబాదు పిల్ల రాగులే ఎరుగును. మా అత్తగారు “చోళ్ళు విసిరి అంబలి కాసేను, తాగు” అన్నారు, ఇంట్లో అందరికీ అర్థమైంది. గంటెలు కూడా అంతే, సజ్జలు అని ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నట్టు, బహువచనం చెల్లదని కొందరు కచ్చితంగా అంటారు. డబ్బా అనాల్సిన చోట డబ్బాలు అని తప్పించుకోవడం దొంగాటే, ఒప్పుకుంటాను. కానీ పాలు, నీళ్ళు, వడ్లు ఏకవచనంలో ఎవరు వాడతారు? వాటిని వదిలేయాలి.

‘పుస్తకం’ తర్వాత ‘క’నా ‘మ’నా అన్నది పెద్ద విషయం కాదు. పుస్తకము అని ఇంట్లో ఎవరూ అనరు కాబట్టి ‘క’.

మీరేమంటారు?

బొబ్బిలి నుంచి ఒక మాస్టారు:
అమ్మా, బాగా రాశారు. కానీ నోటిమాటే కొలత అయితే ఒక చిక్కుంది. మా ఇంట్లో ఆట గుణింతంతో సహా ఆడతాం. చెట్టు అంటే ‘టు’తోనే రావాలి, ఆవు అంటే ‘వు’తోనే. మొన్న ఆవు తర్వాత మా మనవరాలు ‘వుల్లిపాయ’ అంది. నేను కొట్టేశాను, అది ‘ఉల్లిపాయ’ అని. మీ లెక్కన అది కూడా ఒప్పుకోవాలి. అప్పుడు ఎలుక ‘యెలుక’ అవుతుంది, ఒకటి ‘వొకటి’ అవుతుంది. ఒకే మాటకు రెండు తలలుంటే ఆటలో పట్టేముంది?

నా జవాబు:
మాస్టారూ, మీ మనవరాలి పక్షమే నేను. పాత పుస్తకాలు తీసి చూడండి, వూరు, వుత్తరం, వొకటి, యెందుకు అని ఎన్నిచోట్ల అచ్చయ్యాయో. సూత్రం మొదట వద్దన్నా నోరు అక్కడ చిన్న వకారం, యకారం చేర్చుకుంటూనే ఉంది. రెండు తలల భయం వద్దు, ఒకసారి వాడిన మాట మళ్ళీ రాకూడదన్న నియమం ఉంది కదా. ఉల్లిపాయ అయిపోయిందంటే వుల్లిపాయ కూడా అయిపోయినట్టే.

శ్రీకాకుళం నుంచి ఒకాయన:
మన జిల్లాలో ఈ ప్రశ్న రావడమే ఆశ్చర్యం. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. జీవితమంతా వాడుక భాష కోసం పోరాడినాయన నేల మీద ‘యాప’ చెల్లదంటే ఎలా?

నా జవాబు:
బాబుగారూ, గిడుగువారిని సాక్షిగా పిలిచే ముందు కాస్త ఆగండి. ఆయన వాదించింది శిష్ట వ్యావహారికం కోసం, అంటే చదువుకున్నవాళ్ళు మాట్లాడే తెలుగు పాఠాల్లోకి, రాతలోకి రావాలని. ఆ గీత ప్రకారం చూస్తే ‘యాప’ బయటే ఉండిపోవచ్చు. అయితే సవర గిరిజనుల పాటలూ మాటలూ కూర్చుని రాసుకుని, వాళ్ళ భాషకు వ్యాకరణం, నిఘంటువు కట్టింది కూడా ఆయనే. రాత ఎరగని నోటిని కూడా ఓపిగ్గా విన్న మనిషి. యాపని పాఠ్యపుస్తకంలో పెట్టమని నేను అడగడం లేదు, పిల్లల ఆటలో కొట్టేయొద్దంటున్నాను. రెండూ వేరు.

బొబ్బిలి మాస్టారు:
సరేనమ్మా, వుల్లిపాయకి ఒప్పుకున్నాను, మనవరాలికి చెప్పేశాను, గంతులేస్తోంది. కానీ చెట్టు, గట్టు, మెట్టు, బొట్టు మాటేమిటి? ‘టు’తో ఏ నోరూ నాకు సాయం రావడం లేదు.

నా జవాబు:
అక్కడ మీ ఇంటి నియమమే సడలించుకోవాలి మాస్టారూ. ‘ట’ అయితే చాలనండి, టెంక ఉంది, టముకు ఉంది. గుణింతం పట్టే ఆడాలంటే మాత్రం చెట్టు ముందు ఎవరు అంటే వాళ్ళే గెలిచినట్టు. మీ మనవరాలు ఈపాటికి కనిపెట్టే ఉంటుంది.