పెద్దవాళ్ళు ‘బాగుంది’ అంటున్నారు, యాప్ మాత్రం వాడట్లేదు. ఎక్కడ తేడా వచ్చింది?

కొత్త_డిజైనర్ అడిగారు:

నమస్తే అండి. మాత్రల వేళ గుర్తుచేయడానికి, బీపీ, షుగర్ రాసుకోవడానికి ఒక యాప్ చేస్తున్నాం. వాడబోయేవాళ్ళలో ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్ళే. స్క్రీన్లన్నీ దాదాపు సిద్ధం. కొంతమంది పెద్దవాళ్ళను పిలిచి చూపించాం. అక్షరాలు పెద్దగా ఉన్నాయి, అన్నీ అర్థమవుతున్నాయి అన్నారు. వాళ్ళ ఫోన్లలో వేసి పంపించాం. రెండో వారానికే సగం మంది తెరవడం మానేశారు. వాడుతున్నవాళ్ళ లెక్కలు చూస్తే ఒక్క పూట కూడా మాత్ర తప్పలేదని ఉంది, అదీ నమ్మబుద్ధి కావట్లేదు. పెద్దవాళ్ళతో కలిసి డిజైన్ చేయాలంటారు కదా, మేం చేసింది అదే కదా?

వాడుక_పరిశోధకురాలు:

మీరు చేసేశాక చూపించారు. పూర్తయిన స్క్రీన్ ముందు పెట్టి ఎలా ఉందంటే, అంత కష్టపడి చేసినవాళ్ళ మొహం మీద బాగాలేదని ఎవరంటారు? అక్షరాల సైజు గురించి, రంగు గురించి మాట్లాడతారు. మాట్లాడటానికి మీరు వదిలింది అంతే. అసలు ఈ అలారం నాకు అక్కర్లేదు అనే మాట ఆ గదిలో పుట్టదు.

మేం మాత్రల యాప్ మొదలుపెట్టినప్పుడు తెల్ల కాగితాలు, స్కెచ్ పెన్నులు, వాళ్ళ ఇంటి మాత్రల డబ్బాలు మాత్రమే బల్ల మీద ఉన్నాయి. మీరు మాత్రలు ఎలా వేసుకుంటారో చెప్పండి అన్నాం. ఒకావిడ వేసుకోగానే డబ్బాను తలకిందులుగా పెడతానన్నారు, మళ్ళీ పూటకు నిలబెడతారట. ఇంకొకాయన ఖాళీ షీటు ముక్కను రాత్రిదాకా జేబులో ఉంచుకుంటారు. ఇద్దరు ముగ్గురు చెప్పేసరికి మాకు విషయం బోధపడింది. మాత్ర వేళ వాళ్ళకు బాగానే గుర్తుంటుంది. ‘వేసుకున్నానా, లేదా?’ అన్నదే బాధ. ఆ అనుమానంలో బీపీ మాత్ర రెండోసారి వేసుకుంటే ప్రమాదం, షుగర్ మాత్రయితే మరీ ప్రమాదం. అందుకే మా యాప్ తెరవగానే గడియారం కనిపించదు. ‘పొద్దుటి మాత్రలు 8:10కి వేసుకున్నారు’ అనే ఒకే వాక్యం ఉంటుంది. దాని కింద ‘లేదు, వేసుకోలేదు’ అని దిద్దుకునే బటన్. ఆ వాక్యం కూడా వాళ్ళు రాసిందే.

మీ లెక్కల్లో ఒక్క పూటా తప్పకపోవడం గురించి: మీ అలారం ‘వేసుకున్నాను’ నొక్కేదాకా మోగుతూ ఉంటుందా? అలా అయితే దాని నోరు మూయించడానికి జనం నొక్కేస్తారు. చేతిలో పని ఉంటుంది, ఎవరో వచ్చి ఉంటారు, ముందు ఆ మోత ఆగాలి. మాత్ర సంగతి తర్వాత. మీ దగ్గర చేరిన అంకెలు అలారం ఆపిన వేళలు అయ్యుండొచ్చు. డాక్టర్ వాటిని నమ్మి డోసు పెంచితే ఏమవుతుందో ఆలోచించండి. దీన్ని ఈ రోజే సరిచేయండి. అలారం ఆపడం, మాత్ర వేసుకున్నట్టు చెప్పడం రెండూ వేర్వేరు బటన్లు కావాలి.

ఇంకోటి, ఎర్ర రంగు. బీపీ ఎక్కువ వస్తే అంకె ఎర్రబడాలని మా డాక్టర్లు పట్టుబట్టారు. ఒకాయన అడిగారు: “ఎర్రగా చూపించి ఊరుకుంటే నేనేం చేయను? భయపడి మళ్ళీ చూసుకుంటాను. ఇంకా పెరుగుతుంది.” ఆ మాట అన్నప్పుడు డాక్టర్ అదే బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు కాబట్టి అక్కడే తేలింది. రంగు పోయింది, దాని చోట చేయాల్సిన పని వచ్చింది: ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి, వీపు ఆనించండి, పాదాలు నేలకు ఆననివ్వండి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచండి, తర్వాత నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. ఆ తర్వాత కూడా ఎక్కువే ఉంటే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం లాంటివి ఉంటే ఏ ఐదు నిమిషాలూ ఆగొద్దని అన్నిటికంటే పైన పెట్టించింది డాక్టరే. పెద్దవాళ్ళు ఒకచోట, డాక్టర్లు ఇంకోచోట కూర్చుని, మధ్యలో మీరు కబుర్లు మోస్తూ ఉంటే ఇలాంటివి తేలవు.

వాడేవాళ్ళతో కలిసి డిజైన్ చేసే ఈ పద్ధతి ఇవాళ్టిది కాదు. 1970లలో నార్వే, స్వీడన్‌లలో కార్మిక సంఘాలు, తమ పనిలోకి వచ్చే కంప్యూటర్లు ఎలా ఉండాలో తమకూ మాట ఉండాలని పట్టుబట్టిన చోట మొదలైంది. అందుకే ఇందులో ‘వద్దు’ అనే హక్కు ముఖ్యం. పెద్దవాళ్ళు వద్దన్నది ఒక్కటైనా మీ యాప్‌లోంచి పోయిందా? పోకపోతే వాళ్ళు అతిథులుగా వచ్చి వెళ్ళారనే నా లెక్క.

గదిలో అందరి ముందూ మాట్లాడనివాళ్ళ కోసం ఇంటికి ఏదైనా ఇచ్చి పంపండి. 1990ల చివర్లో బిల్ గేవర్, ఆంటొనీ డన్, ఎలెనా పచెంటి అనే డిజైన్ పరిశోధకులు కలిసి ఓస్లో, ఆమ్‌స్టర్‌డామ్, ఇటలీలోని పెచ్చోలి ఊళ్ళలో పెద్దవాళ్ళకు పోస్టుకార్డులు, మ్యాపులు, వాడి పారేసే కెమెరా ఉన్న పొట్లాలు ఇచ్చారు. వాళ్ళు తీరిగ్గా నింపి పంపారు. మేం నోటు పుస్తకం ఇస్తాం. ‘ఈ రోజు ఒంటి గురించి ఎవరితోనూ చెప్పనిది’ అని ఒక పేజీ ఉంటుంది. పిల్లలకు తన షుగర్ అంకెలు వెళ్ళడం ఇష్టం లేదని ఒకరు అన్న మాట అందులోనే బయటపడింది. గదిలో కూతురు పక్కనే కూర్చుని ఉంది మరి.

వార్డు_నర్సు:

పైన చెప్పినవన్నీ నిజం. నేను ఒంటి సంగతులు చెప్తాను, ఎందుకంటే గదిలోకి పిలిచినా ఒళ్ళు సహకరించక నోరు విప్పనివాళ్ళు ఉంటారు.

వయసుతో వేళ్ళ చర్మం పొడిబారుతుంది, టచ్‌స్క్రీన్ ఆ వేలిని సరిగా అందుకోదు. వాళ్ళు గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతారు. ఫోన్ దాన్ని ‘నొక్కి పట్టుకోవడం’గా తీసుకుని ఇంకేదో తెరుస్తుంది. అప్పుడు తమకే చేతకాదనుకుని ఫోన్ పక్కన పెడతారు. నొక్కి పట్టుకుంటే జరిగే పనులన్నీ తీసేయండి. ఆండ్రాయిడ్‌లో బటన్ 48 డీపీకి (డీపీ అంటే తెర మీద సైజుకు వాడే కొలత) తగ్గకూడదంటారు, చేతులు వణికేవాళ్ళకు అది కూడా చాలదు, బటన్ల మధ్య ఖాళీ కూడా ఉండాలి. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగులో 4.5:1 తేడా అనేది కనీసం. అరవై ఏళ్ళ కంట్లో రెటీనాకు చేరే వెలుతురు ఇరవై ఏళ్ళ కంటిలో మూడో వంతే ఉంటుంది. సన్నని ‘కీచు’ శబ్దాలు వినబడటం ముందుగా తగ్గుతుంది కాబట్టి అలారం బొంగురు గొంతులో ఉంటే మేలు.

సమావేశం వేళ కూడా చూసుకోండి. పొద్దున నీరు పోయే మాత్ర వేసుకున్నవాళ్ళు గంటసేపు కదలకుండా కూర్చోలేరు. అది చెప్పుకోలేక రావడమే మానేస్తారు.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు:

నాకు 74. ఇలాంటి సమావేశాలకు పిలిస్తే వెళ్తుంటాను. పిలిచే పక్కనుంచి అందరూ మాట్లాడారు కనుక వచ్చేవాళ్ళ పక్కనుంచి రెండు మాటలు.

చివర్లో ఒక కాగితం ఇస్తారు, పది వాక్యాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. ఒక వాక్యం పొగిడేది, తర్వాతది తిట్టేది, అలా మార్చి మార్చి ఉంటాయి. ‘ఇది అనవసరంగా జటిలంగా ఉంది’ అన్నదానికి ఒకటి వేస్తే మెచ్చుకున్నట్టట. నా పక్కనావిడ అన్నింటికీ ఐదు వేసి వచ్చేశారు. ఆ కాగితం లెక్కేసి మీరేం తెలుసుకుంటారు? పక్కన కూర్చుని అడగండి, చెప్తాం.

అదే ఆవిడ తన షుగర్ అంకెలు పదేళ్ళుగా స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుంటారు, గ్రాఫు కూడా గీస్తారు. మా అందరినీ ఒకే గాటన కట్టి, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పొద్దు. మా సమయానికి డబ్బివ్వండి, మీ జీతగాళ్ళకు ఇచ్చినట్టే. అన్నిటికంటే ముఖ్యం, మేం చెప్పింది ఏమైందో తర్వాత చెప్పండి. ఇది పెట్టాం, ఇది పెట్టలేదు, ఎందుకంటే ఫలానా కారణం అని. నన్ను పిలిచినవాళ్ళలో ఒక్క బృందమే అలా ఉత్తరం రాసింది. వాళ్ళు మళ్ళీ పిలిస్తే ఎంత దూరమైనా వెళ్తాను.

కొత్త_డిజైనర్:

అందరికీ చాలా థాంక్స్. అవును, మా అలారం నొక్కేదాకా మోగుతూనే ఉంటుంది. దాన్ని ఈ రోజే విడదీస్తున్నాం. కానీ విడుదలకు మూడు వారాలే ఉంది, మొదటినుంచి మొదలుపెట్టడానికి పైవాళ్ళు ఒప్పుకోరు. ఈలోపు ఏం చేయొచ్చు?

వాడుక_పరిశోధకురాలు:

మొత్తం మార్చనక్కర్లేదు. మానేసినవాళ్ళలో నలుగురైదుగురి ఇళ్ళకు వెళ్ళండి, మీకు పనికొచ్చేది వాళ్ళే చెప్తారు. ఎందుకు మానేశారని మాత్రం అడగకండి, తప్పు చేసినట్టు అనిపిస్తుంది. మాత్రలు ఎక్కడ పెట్టుకుంటారో చూపించమనండి. మొదటి స్క్రీన్ చోట ఖాళీ చట్రం గీసిన కాగితాలు తీసుకెళ్ళి, పొద్దున లేవగానే ఇందులో ఏం కనబడాలో రాయమనండి. వచ్చాక ఆ ఒక్క స్క్రీన్ మార్చండి. విడుదలకు ముందు పైవాళ్ళలో ఒకరిని కూడా వెంట తీసుకెళ్ళండి, తర్వాతి విడతకు సమయం అడగడం తేలికవుతుంది. మాస్టారు చెప్పిన ఉత్తరం మాత్రం మర్చిపోవద్దు, పెట్టనివాటి జాబితాతో సహా.